పాస్టరుగారి నంబరు

"నీ మొహం మండ" అని నోరు జారాక గాని క్రిస్టినాకు భయం వేయలేదు. వీడియో మీటింగు తెర కింద మైకు బొమ్మ చూసుకుంది. దాని మీద ఎర్రగీత అడ్డంగా ఉంది, ఎవరూ వినలేదు. వింటే మాత్రం ఏమయ్యేది, ఎక్కడో చలిదేశంలో ఉన్న ప్రొఫెసర్ ఇంగ్రిడ్‌కి తెలుగు రాదు, పక్క కుర్చీలో ఉన్న సుధాకర్ గారు విన్నా విననట్టే ఉంటారు, ఇక మిగిలింది లోకనాథ్, అన్నది వాడినే కదా, వింటే విననీ. బెంగుళూరులో చల్లటి గదిలో కూర్చుని, వీపు వెనక పుస్తకాల బీరువా బొమ్మ పెట్టుకుని, భీమవరంలో పుట్టి భీమవరంలోనే ఇంజనీరింగు చదివిన ఆ పెద్దమనిషి ఇంగ్లీషులో ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా చెప్తున్నాడో. రాజమండ్రి కేంద్రం చేర్చిన పేషెంట్లలో పదకొండుమందికి ఒకే ఫోను నంబరు ఉందట. ఇది మామూలుగా జరిగే పని కాదట. ఇలాంటిది కనబడ్డప్పుడు అసలు ఆ మనుషులు ఉన్నారా, ఎవరైనా కూర్చుని పుట్టించారా అన్న అనుమానం రావడం సహజమట. కాబట్టి ఆ పదకొండుమందినీ పరిశోధన నుంచి తీసేయాలని తన సలహా అట. తీసేయాలట, అన్నంలో రాయిని తీసేసినట్టు. తెర మీద పదకొండు వరసలు ఎర్రగా వెలుగుతున్నాయి. వాటికి పేర్లు కూడా లేవు, అంకెలే. అయినా క్రిస్టినాకు తెలుసు, పైనుంచి మూడోది దీనమ్మ, దాని కిందది రాహేలు, ఆ కిందది బేబి.

"ఆగమ్మా, అతన్ని చెప్పనీ" అన్నారు సుధాకర్ గారు, ఆమె చెయ్యి మైకు మీట మీదికి వెళ్లడం చూసి. ఆగమ్మా, ఆగమ్మా, ఆరు నెలల నుంచీ ఇదే మాట. ఆయన చెడ్డవారు కాదు, ఈ ఆస్పత్రిలో కత్తి పట్టిన చేతుల్లో ఆయనవే శుభ్రమైన చేతులు, కాని ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేరు, విదేశాల వాళ్లతో అసలే మాట్లాడలేరు. ఉమ్మడి పరిశోధన అండి, అందరూ సమానమేనండి అని మొదట్లో ఈ గదిలోనే కాజాలు పంచారు. ఉమ్మడే, ఎవరు కాదన్నారు, ఉమ్మడి కుటుంబంలో వంటింటి కోడలు కూడా ఉమ్మడి మనిషే. ఇక్కడ కోయాలి, ఇక్కడ కడగాలి, కణితి ముక్క వేడెక్కకుండా పెట్టెలో సర్ది మధురపూడి విమానం అందుకునేలా పరుగెత్తాలి. ఆ ముక్కలోని జన్యువులు చదివేది చలిదేశం వాళ్లు, లెక్కలు కట్టేది బెంగుళూరు వాళ్లు, పెద్ద పత్రికలో పేర్లు పడేటప్పుడు మొదట వాళ్లు, చివర వాళ్లు, నడుమ ఎక్కడో కరివేపాకులా రాజమండ్రి. అదీ సహించింది, పనే ముఖ్యం అనుకుంది, వాళ్ల నాన్న లూథరన్ బడిలో పంతులు, పేరు కోసం పని చేస్తే ప్రభువు చూడడనేవాడు. ప్రభువు సంగతి తర్వాత, ఇప్పుడు లోకనాథ్ చూస్తున్నాడు, చూసి దొంగలంటున్నాడు. దొంగలు అనలేదు పాపం, ఇంగ్లీషులో దానికి ఇంకా మెత్తటి మాటలు ఉన్నాయి.

ఆ నంబరు సంగతి వివరంగా రాసి పంపింది కదా, ఒకసారి కాదు. కోనసీమలో ఆ చర్చి ఆవరణలో శిబిరం పెట్టినప్పుడు కొబ్బరిచెట్ల కింద షామియానా, మైకులో పాటలు, బల్ల ముందు వరసలో ఆడవాళ్లు. ఫోను నంబరు చెప్పమ్మా అంటే మొదటి ఆవిడ వెనక్కి తిరిగి పాస్టరు ఏసుపాదం గారి వైపు చూసింది, "అయ్యగారి నంబరు రాసుకోండమ్మా" అంది. పాస్టరుగారిని వాళ్లు అయ్యగారంటారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషీ అదే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మొగుడి జేబులో రొయ్యల చెరువు గట్ల మీద తిరుగుతూ ఉంటుంది. లేదా కొడుకు చేతిలో ఉంటుంది, ఆఫరు మారినప్పుడల్లా వాడు సిమ్ము మారుస్తాడు. పైగా కేన్సరు అన్న మాట ఫోనులో ఎవరు వింటారో, విన్నవాళ్లు ఎవరి చెవిన వేస్తారో, ఎదిగిన పిల్లలున్న ఇల్లు. అయ్యగారి నంబరైతే మారదు, ఆ ఫోను ఎవరికీ ఇవ్వరు, ఆయన నోరు దాటి మాట బయటికి పోదు. ఆస్పత్రి నుంచి పిలుపు వస్తే ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కరచాలనం చేస్తూ ఆ మనిషితో మెల్లగా, "రేపు గోదావరి దాటాలమ్మా" అంటారు. అంతే. పక్కవాళ్లు పెళ్లి బట్టలకు అనుకుంటారు, చుట్టాలింటికి అనుకుంటారు. మర్నాడు తొలిబస్సులో రావులపాలెం, అక్కడ అరటిగెలల లారీల మధ్య రెండో బస్సు పట్టుకుని, ఎండ ముదరకముందే రాజమండ్రి. పిలిచిన ఏ ఒక్కరూ రాకుండా లేరు, పెద్ద ఊళ్ల కేంద్రాల్లో మనిషికో నంబరు, ఇద్దరికో ఈమెయిలు ఉన్న పేషెంట్లు సగంమంది ఎగ్గొట్టారు, వీళ్లు ఎగ్గొట్టలేదు. ఇదంతా ఇంగ్లీషులో రాస్తే బెంగుళూరు నుంచి ఒక్క వాక్యం జవాబొచ్చింది, దయచేసి స్వతంత్రమైన ఆధారం చూపగలరు. చర్చి అంటే ఏంటో భీమవరం వాడికి తెలీదా, వాళ్లింటి పక్క వీధిలో గంట కొట్టరా, ఇంట్లో పనిచేసే మనిషి ఆదివారం పూట రానంటే ఎక్కడికి వెళ్లిందని అనుకునేవాడు? తెలుసు, అన్నీ తెలుసు, తెలిసిన సంగతి కంప్యూటరులో పట్టకపోతే తెలియనట్టు ఉండటం నేర్చుకున్నాడు.

బల్ల చివరనున్న నల్లటి పెట్టెలో, గాజుపలకల్లో ఉంది బేబి. క్రిస్టినా చూపు అటే పోయింది. తను పెథాలజీ డాక్టరు, మామూలుగానైతే మనిషి మొహం చూసే పనే ఉండదు, ముక్క వస్తుంది, మైనంలో పోత పోస్తారు, ఉల్లిపొరకంటే పల్చగా చెక్కి రంగులద్దితే గులాబీ, ఊదా రంగుల్లో ఒక లోకం. పదేళ్లుగా ఆ లోకంలోనే కాపురం. కణితి అంటే చెడ్డ కణాల గుంపు అనుకునేది చదువుకునే రోజుల్లో. ఒంటరిగా ఏ కణితీ బతకదని తర్వాత తెలిసింది. చుట్టూ ఉన్న మంచి కణాల్ని మచ్చిక చేసుకుంటుంది, వాటిచేత పందిరి వేయించుకుంటుంది, నెత్తుటి కాలవలు తనవైపు మళ్లించుకుంటుంది, కాపలా తిరిగే కణాలు వచ్చాయా, వాటికీ ఏదో చెప్పి నోరు మూయిస్తుంది. బేబి పలకలో అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, కాపలా కణాలు ముదురు చుక్కల్లా వందలకొద్దీ వచ్చి కణితి అంచు దాకా చేరి అక్కడే ఆగిపోయాయి, పిలుపు లేని పెళ్లికి వచ్చి పందిరి బయట నిలబడ్డవాళ్లలా. ఒక్కటీ లోపలికి పోదు. వెనక్కీ పోదు. ఈ డెల్టా ఆడవాళ్లలో చాలామందికి అంతే, అందుకే ఈ ముక్కలంటే చలిదేశం వాళ్లకు అంత మోజు.

ఆపరేషను అయ్యాక బేబి ఒకరోజు నేరుగా ఈ గదికే వచ్చింది, ఎవరు చూపించారో దారి, చీర కొంగు ఛాతీ మీద రెండు మడతలేసి కప్పుకుని గుమ్మంలో నిలబడి, "నా ముక్క ఇక్కడే ఉందంటమ్మా, ఓసారి సూపిత్తారా" అంది. వరికోతలకు వెళ్లే మనిషి, పొట్టిగా, గట్టిగా, మాట్లాడితే కళ్లలోకి చూసి మాట్లాడుతుంది. సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెడితే చాలాసేపు చూసింది, కన్ను మార్చి మార్చి చూసింది. "ఇది బయట్నించి వొచ్చిందా అమ్మా, నాదేనా?" అంది. నీదేనమ్మా, నీ ఒంట్లో పుట్టిందే. "ఈ సుక్కలేంటమ్మా?" అవి నిన్ను కాపాడటానికి ఉన్న కణాలు, దాన్ని చంపడానికి వచ్చాయి, కాని చంపడం లేదు, ఊరికే నిలబడ్డాయి. బేబి తలెత్తింది. "ఊరికే నిలబడ్డాయా? ఇంతమందుండీ?" అంది. "మరి నా ఒళ్లు ఎందుకూరుకుందమ్మా?" కోట్లు పోసి మూడు చోట్ల వెతుకుతున్నది ఆ మాటకు జవాబునే.

ఆ సంగతి ఏదో మీటింగులో మురిపెంగా చెప్పింది, అదీ తన ఖర్మ. ఇంగ్రిడ్ కళ్లు తుడుచుకుంది, ఎంత అద్భుతమైన ప్రశ్న అంది. ఆ తర్వాత ఎక్కడ ప్రసంగించినా ఆవిడ మొదటి బొమ్మ అదే, నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, నా శరీరం ఎందుకు ఊరుకుంది, కింద చిన్నగా, భారతదేశపు పేషెంటు ఒకరు. చప్పట్లు. ఆ వీడియో క్రిస్టినాకు ఎవరో పంపితే చూసింది, పొంగిపోయింది కూడా, సిగ్గులేక. ఇప్పుడు ఆ ప్రశ్న ఉంటుందట, అడిగిన మనిషి ఉండదట. ప్రశ్న అడగటానికి బేబి నిజమైన మనిషి, ఫోను నంబరు దగ్గరికి వచ్చేసరికి రాజమండ్రిలో ఎవరో కల్పించిన మనిషి. ఎంత హాయి! ఆ బొమ్మ మాత్రం తీసెయ్యరు కదా, దాని జోలికి ఎందుకు పోతారు, చప్పట్లొస్తాయి దానికి. ఒళ్లు మండిపోతోంది, మంచినీళ్ల సీసా మూత తీసి మళ్లీ బిగించింది, రోహిణీకార్తె ఎండ కిటికీ అద్దం మీద తెల్లగా కొడుతోంది, ఏసీ నీళ్లు బకెట్లో టపటపా పడుతున్నాయి, లోకనాథ్ ఇంకా చెప్తూనే ఉన్నాడు.

ఇదంతా ఒక ఎత్తు, బేబి చంకలో చేతికి తగిలిన గడ్డ ఒక ఎత్తు. పోయినేడు క్రిస్మస్‌కి ముందు వచ్చినప్పుడు చిన్న రేగ్గింజంత ఉంది. ఏమీ కాకపోవచ్చు, అవ్వనూ వచ్చు. స్కాను తీసే మనిషి ఆ రోజు సెలవు. వచ్చేవారం కబురు పెడతానమ్మా, తప్పకుండా రావాలి అంటే, "మీరు కబురెట్టండమ్మా, వొచ్చేత్తాను" అంది. ఆ వారమే బెంగుళూరు నుంచి ఉత్తర్వు వచ్చింది, అనుమానంలో ఉన్న పేషెంట్లతో కేంద్రం వాళ్లు ఎలాంటి సంబంధమూ పెట్టుకోరాదు, తేల్చేదాకా. తేల్చేది ఈ మీటింగు, ఈ మీటింగు ఏడాదికి రెండుసార్లు. ప్రాజెక్టు పోతే పోయింది, నేనే ఆ ఊరు వెళ్లొస్తానండీ అంటే సుధాకర్ గారు తల పట్టుకున్నారు, "ఇప్పుడు నువ్వెళ్తే సాక్ష్యాలు తయారు చేశామంటారమ్మా, నష్టం నీ ఒక్కదానికే కాదు, ఆ ఆడవాళ్లందరికీ ఉచిత పరీక్షలు పోతాయి, ఆగమ్మా" అన్నారు. పోనీ వాళ్లంతట వాళ్లే వస్తారేమోనని రోజూ వరండాలోకి తొంగిచూసింది. ఎవరూ రాలేదు. పిలవనిదే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆ మనుషులకు అమర్యాద. తనకు తెలుసు, వాళ్ల అమ్మమ్మా అంతే, కబురొచ్చేదాకా నొప్పి ఓర్చుకుని కూర్చునేది. ఉపవాసాల శ్రమల దినాలు వెళ్లాయి, ఈస్టరు వెళ్లింది, రేగ్గింజంత గడ్డ ఇప్పుడు ఎంతయిందో.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని ఇంగ్రిడ్ అడుగుతోంది, ఎంతో దయగా, తల ఒక పక్కకి వంచి. ఇవాళ బుధవారం. మధ్యాహ్నం స్త్రీల సమాజం కూడిక ఉంటుంది, ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా అయ్యగారి చర్చికి వస్తారు. ఈ ఆలోచన ఎప్పుడు పుట్టిందో క్రిస్టినాకు తెలీదు, చూసేసరికి సొంత ఫోను చేతిలో ఉంది, ఇన్నాళ్లూ ఆస్పత్రి ఫోను నుంచి చేసీ చేసీ కంఠతా వచ్చిన నంబరు వేళ్లు నొక్కేస్తున్నాయి. సుధాకర్ గారు, "అమ్మా, రూల్సు" అన్నారు. "తెలుసండి" అంది. మైకు తెరిచి, అభ్యంతరం ఉంది అని ఇంగ్లీషులో అంది, మీరు తీసేయమంటున్న నంబరుకే ఫోను చేస్తున్నాను, దయచేసి వినండి అంది. ఇది పద్ధతి కాదు అని లోకనాథ్ అనబోతుండగానే అవతల ఎత్తారు.

"ఎవరండీ?"

"అయ్యగారూ, రాజమండ్రి నుంచి డాక్టరు క్రిస్టినానండి."

"వందనాలమ్మా! ఎన్నాళ్లకమ్మా!" ఆయన గొంతు గదంతా నిండింది. ఈ మాటలు చాలామంది వింటున్నారండీ, మన ప్రాజెక్టు అక్కచెల్లెళ్లు అక్కడుంటే, ఇష్టమైనవాళ్లు పేరు చెప్తే చాలండీ, జబ్బు మాట ఎవరూ ఎత్తక్కర్లేదండీ అని చెప్పింది. "కూడికయ్యి టీలు తాగుతున్నారమ్మా. నా గదిలోకి ఒక్కొక్కర్నే పంపిస్తానుండండి" అన్నారాయన. తలుపు కిర్రుమంది, దగ్గు, గాజుల చప్పుడు.

"వందనాలండి. దీనమ్మనండి."

"నేను రాహేలునండి. ఉన్నానండి. ఏంటండీ, లేనని ఎవరన్నా అన్నారాండీ?"

"శాంతకుమారినమ్మా. ఇన్నాళ్లు పిలవలేదేంటమ్మా, మావల్ల ఏవన్నా తప్పు జరిగిందా?"

ఇంగ్రిడ్‌కి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా ఆవిడ ముందుకి వంగి వింటోంది, గొంతు మారినప్పుడల్లా కళ్లు మారుతున్నాయి. లోకనాథ్ తెర వంక చూడటం లేదు, కిందికి చూస్తున్నాడు, ఏదో రాసుకుంటున్నట్టు. చూడు, చూడరా, ఒక్క నంబరులోంచి ఎంతమంది వస్తున్నారో చూడు. ఇద్దరు రావులపాలెం అరటి మార్కెట్టుకి పనికెళ్లారమ్మా, ఇంకొందరు ఊళ్లోనే ఉన్నారు, ఆదివారం చెప్తే వాళ్లూ వస్తారు అంటున్నారు పాస్టరుగారు. క్రిస్టినా గొంతులో గెలుపు వచ్చేసింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు. "బేబి రాలేదాండీ?" అంది.

పాస్టరుగారి గొంతు తగ్గింది. "మీకు తెలీదామ్మా" అన్నారు. "చెప్దామని మేం ఆస్పత్రికి ఫోన్ చేశాం కదమ్మా. ఆ పేరు ఇప్పుడు ప్రాజెక్టులో లేదండీ అన్నారు అక్కడి అమ్మాయి. బేబి కూతురు మెర్సీ ఇక్కడే ఉంది, ఉండండి."

"డాక్టరుగారండీ, మెర్సీనండి." పల్చటి గొంతు, చదువుకున్న పిల్ల గొంతు, మధ్యమధ్య తల్లి మాట తొంగిచూస్తోంది. "అమ్మ ఈస్టరు ముందు, మట్టల ఆదివారం ఎల్లాక పోయిందండి. చంకలో గడ్డ పెద్దదైపోయిందండి, తర్వాత ఆయాసం వచ్చేసిందండి. రాజమండ్రి తీసుకెళ్తానమ్మా అని ఎన్నిసార్లన్నా రాలేదండి. డాక్టరమ్మ కబురెడతానంది, పిలవకుండా ఎల్తే ఏం బాగుంటాది అనేదండి. ఆదివారం అందరూ ఎల్లిపోయినా అయ్యగారి గుమ్మం దగ్గరే కూర్చునేదండి, గోదావరి దాటమంటారేమోనని. ఆఖర్లో నడవలేకపోతే నన్ను పంపేదండి, అడిగి రమ్మని. మీరెందుకు చెయ్యలేదండీ ఫోను?"

ఎందుకు చెయ్యలేదు. ఆరు నెలలుగా ఎందుకు ఆగావు క్రిస్టినా, ఆగమ్మా అంటే ఆగిపోయావు, ఊరికే నిలబడ్డ ఆ ముదురు చుక్కల్లో నువ్వూ ఒకదానివి అన్న ఆలోచన వచ్చింది, వచ్చి పోయింది, దాని పక్కన ఏడుస్తూ కూర్చునే తీరిక లేదు ఇప్పుడు, ఏడిస్తే ఈ మీటింగు ఓదార్చి ముగించేస్తుంది. సుధాకర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇంగ్రిడ్ అడుగుతోంది, ఆ అమ్మాయి ఏమంటోంది, దయచేసి ఎవరైనా చెప్తారా.

"లోకనాథ్ గారూ" అంది క్రిస్టినా, తెలుగులోనే. "మీరు చెప్పండి. మీకు ప్రతి మాటా అర్థమైంది కదండీ."

అతను తలెత్తాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు. పేషెంటు మరణించారు, ఏప్రిల్‌లో, అన్నాడు ఇంగ్లీషులో, ఆ వివరం నమోదు చేస్తాను అని కలిపాడు.

"అది కాదండి. ఆ పిల్ల అడిగింది మొత్తం చెప్పండి. గుమ్మం దగ్గర కూర్చున్నదీ చెప్పండి, పిలవకుండా వెళ్తే బాగోదన్నదీ చెప్పండి. ఎందుకు ఫోన్ చెయ్యలేదని అడుగుతోంది, ఎవరు చెయ్యొద్దన్నారో కూడా మీరే చెప్పండి."

ఇంగ్రిడ్ ఎదురుచూస్తోంది. లోకనాథ్ నోరు తెరిచాడు, ఒక మాట అన్నాడు, అది తప్పనిపించిందేమో ఆపేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. క్రిస్టినా ఫోను పెట్టెయ్యలేదు. అవతల మెర్సీ ఊపిరి వినిపిస్తోంది, ఆ పిల్లా పెట్టెయ్యలేదు. అతను మొత్తం చెప్పేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.